మా ఊరు మీ థీసిస్‌లో ఉంది, మీ థీసిస్ మా ఊళ్లో లేదు

పోయిన నెలలో మా మామిడిపల్లికి ఇంకో పరిశోధక విద్యార్థిని వచ్చింది. భుజాన సంచి, చేతిలో పద్నాలుగు పేజీల ప్రశ్నావళి. ఎండకు ముఖం కందిపోయింది. మంచినీళ్లిచ్చి అరుగు మీద కూర్చోబెట్టాం. ఊరు, పేరు, కులం, ఎకరాలు, అప్పులు, పిల్లల చదువులు అన్నీ అడిగింది, అన్నీ చెప్పాం. పదకొండో పేజీకి వచ్చేసరికి పక్కింటి అవ్వ వంతు వచ్చింది. "భూమి పోయిన తర్వాత మీ జీవితం మీద మీకు సంతృప్తి ఎంత? ఒకటి నుంచి ఐదు లోపల చెప్పాలె అవ్వా" అని అడిగింది.

"ఐదంటే మంచిగున్నట్టా, పాడైనట్టా బిడ్డా?"

"ఐదంటే చానా మంచిగున్నట్టు."

అవ్వ కాసేపు విమానాశ్రయం గోడ దిక్కు చూసింది. "నీ కాగితంల సున్న లేదా?" అంది.

లేదు. ఒకటి నుంచే ఉంది. ఆ పిల్ల ఒకటి మీద సున్న చుట్టి, దండం పెట్టి, బస్సుకు టైమవుతుందని వెళ్లిపోయింది.

ఆ ఒకటి ఇప్పుడు ఎక్కడికి పోతుంది? మిగతా ఇళ్ల అంకెలతో కలిసి సరాసరి అవుతుంది. 1.8 అనో 2.1 అనో ఒక పట్టికలో కూర్చుంటుంది. దాని కింద రెండు పేరాల ఇంగ్లీషు వస్తుంది. ఆ థీసిస్‌కు డాక్టరేట్ వస్తుంది, రావాలని మేమూ కోరుకుంటున్నాం. కాని అవ్వ అడిగిన సున్న మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు. మిత్రులారా, ఈ నెల మేము రాయదలచుకున్నది ఆ సున్న గురించే.

ముందే ఒక మాట చెప్పాలి. మాకు ఈ పిల్లల మీద కోపం లేదు. వచ్చేవాళ్లలో సగం మంది మనలాంటి ఇళ్ల నుంచే వస్తున్నారు. అచ్చంపేట దిక్కు నుంచో, నారాయణఖేడ్ దిక్కు నుంచో వచ్చి, హాస్టల్ అన్నం తిని, ఏళ్ల తరబడి చదువుతున్నారు. నెట్ పాస్ కాని కేంద్ర విశ్వవిద్యాలయ పరిశోధకుడికి ఇచ్చేది నెలకు 8,000 రూపాయలు. 2015లో అది కూడా ఎత్తేస్తామంటే పిల్లలు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఆ మాత్రం కూడా రాదు. కాబట్టి మా పోట్లాట పిల్లలతో కాదు. మా ఊళ్లను ముడిసరుకు చేసి, తయారైన సరుకును మాకు చూపించని పద్ధతితో మా పోట్లాట.

ఊరు ఒకటే, ముక్కలు పది

విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. సుమారు 5,500 ఎకరాల్లో కట్టారు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వచ్చింది. శ్రీశైలం రోడ్డు వెంట హార్డ్‌వేర్ పార్కు వచ్చింది, ముచ్చర్ల దిక్కు ఫార్మాసిటీ అన్నారు, ఇప్పుడు ఫ్యూచర్ సిటీ అంటున్నారు. ఒక ప్రాజెక్టు వచ్చినప్పుడల్లా ముందు సర్వేయర్లు వచ్చారు, తర్వాత బ్రోకర్లు వచ్చారు, వాళ్ల వెనుక పరిశోధకులు వచ్చారు. సర్వేయర్ భూమి కొలిచాడు, బ్రోకర్ ధర కొలిచాడు, పరిశోధకుడు మా బాధ కొలిచాడు.

ఎన్ని శాఖల వాళ్లు వచ్చారో చెప్తాం వినండి. అర్థశాస్త్రం వాళ్లు వచ్చి నష్టపరిహారం ఎట్లా ఖర్చు పెట్టారని అడిగారు. సమాజశాస్త్రం వాళ్లు ఏ కులం వాళ్లకు ఎంత భూమి పోయిందని అడిగారు. భూగోళశాస్త్రం వాళ్లు ఉపగ్రహం తీసిన బొమ్మలు చూపించారు. అందులో మా జొన్న చేన్లు, ద్రాక్ష తోటలు ఒక ఏడు ఆకుపచ్చగా, పదేళ్లకు ఎర్రగా ఉన్నాయి. పర్యావరణం వాళ్లు సీసాల్లో బోరు నీళ్లు పట్టుకుపోయారు. న్యాయశాస్త్రం వాళ్లు నోటీసులు జిరాక్స్ తీసుకుపోయారు. స్త్రీల అధ్యయనం వాళ్లు ఆడవాళ్లు కూలికి ఎంత దూరం పోతున్నారని అడిగారు. తెలుగు శాఖ వాళ్లు బతుకమ్మ పాటలు రికార్డు చేసుకుపోయారు. ఎంబీఏ పిల్లలు మాత్రం మా దగ్గరికి రాలేదు. వాళ్లు టెర్మినల్ దగ్గరే ప్రయాణికుల సంతృప్తి కొలుచుకుని పోయారు.

అంధగజ న్యాయం అంటారు కదా, ఒకడు తోక పట్టుకుని తాడన్నాడు, ఒకడు కాలు పట్టుకుని స్తంభమన్నాడు. ఇక్కడా అంతే. ఒకే ఇంట్లో భూమి పోయింది. మిగిలిన ఎకరంలో బోరు ఎండింది. కొత్త బోరుకు అప్పయింది. అప్పు కోసం బిడ్డ చదువు ఇంటర్‌తో ఆగింది. కొడుకు కాంట్రాక్టర్ కింద సామాన్లు మోసే పనికి కుదిరాడు. ఆ ఇంటికి ఇదంతా ఒకటే కథ. విశ్వవిద్యాలయంలో మాత్రం అయిదు శాఖల్లో అయిదు బీరువాల్లో ఉంది. బోరు సంగతి రాసినాయనకు అప్పు సంగతి తెలియదు. అప్పు సంగతి రాసినామెకు బిడ్డ చదువు సంగతి తెలియదు. అయిదు బీరువాల తాళాలు తీసి ఒక్కచోట పెడితే ఈ అభివృద్ధి మీద ఒక్క చార్జిషీటు తయారవుతుంది. అట్లా పెట్టినవాళ్లను మేము ఇంతవరకూ చూడలేదు.

"కాగితం ఏది?"

ఇది ఊరికే ఉక్రోషంతో అంటున్నది కాదు. ఇందులో మాకు జరిగిన నష్టం ఉంది. ఒక సంగతి చెప్తాం.

విమానాశ్రయం గోడ లేవకముందు ఒక పరిశోధకుడు మా దిక్కు వచ్చి రెండు నెలలు ఉన్నాడు. మంచివాడు, మా ఇళ్లలోనే తిన్నాడు. నక్ష ముందర పెట్టుకుని మడి మడికీ తిరిగి రాసుకున్నాడు. పట్టా ఎవరిది, కాస్తు ఎవరిది, బావి ఎవరు తవ్వారు, కౌలు ఎంత, చెట్లు ఎన్ని అని అంత వివరంగా పట్వారీ కూడా ఎన్నడూ రాయలేదు. పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది గాని, అక్కడా పట్టాదారు పేరే ఎక్కించేవాళ్లు. ముప్ఫై ఏళ్లు ఒకే చెల్కను కౌలుకు దున్నినవాడి పేరు సర్కారు కాగితం మీద ఎక్కడా లేదు. మొదటిసారి ఆ పరిశోధకుడి కాగితం మీద ఎక్కింది.

తర్వాత పరిహారం వచ్చింది. పట్టాదార్లకు వచ్చింది. అదీ ఎంత వచ్చిందో, ఎన్ని కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చిందో వేరే కథ. కౌలుకు దున్నినవాళ్లకు, కూలికి పోయినవాళ్లకు ఏమీ రాలేదు. మా పెద్దయ్య వరస ఒకాయన రెండెకరాల కౌలుదారు. ఆయన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోతే ఒకే మాట అడిగారు: "నువ్వే దున్నినట్టు కాగితం ఏది?"

అప్పుడు మాకు ఆ పరిశోధకుడు గుర్తుకొచ్చాడు. విశ్వవిద్యాలయానికి పోయాం. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగారు. లోపలికి పోతే లైబ్రరీలో బయటివాళ్లకు అనుమతి లేదన్నారు. మూడోసారి పోయినప్పుడు ఒక అటెండర్ దయ తలచి, ఒక విద్యార్థితో ఆ పుస్తకం బయటికి తెప్పించి చూపించాడు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. అంతా ఇంగ్లీషు. ఆ విద్యార్థే వెతికి చెప్పాడు, మా పెద్దయ్య అందులో ఉన్నాడట. పేరు మాత్రం లేదు. "37వ ప్రతివాది" అని ఉందట. పెద్దయ్య తన వేలితో ఆ అంకెను తడిమి చూసుకున్నాడు. "గిది నేనేనా?" అన్నాడు.

పేర్లున్న అసలు కాగితాలు ఎక్కడున్నాయని అడిగాం. అవి పరిశోధకుడి దగ్గర ఉంటాయన్నారు. ఆయన ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రం పోయాడు. ఎట్లాగో ఫోన్ నంబరు దొరికింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు. హాస్టల్ గది ఖాళీ చేసినప్పుడు కట్టలన్నీ పాత పేపర్లకు వేశానన్నాడు.

పెద్దయ్య ఇప్పుడు లేడు. ఆయన దున్నిన చెల్క మీద కాంక్రీటు ఉంది. ఆయన దున్నాడనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పాత పేపర్ల తూకంలో పోయింది. ఆ కాగితం ఉంటే పరిహారం వచ్చేదే అని మేము గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం. కాని ఆఫీసర్ ముందు వట్టి చేతులతో నిలబడే గతి మాత్రం తప్పేది.

ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. ధరణి వచ్చాక అనుభవదారు కాలమే ఎత్తేశారు. పహాణీలో ఉన్న ఆ ఒక్క చిన్న గడి కూడా పోయింది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు కౌలుదారుకు పైసా రాలేదు. ఎందుకంటే కాగితం మీద అతను లేడు. మన తాతల కాలంలో 1954-55 కాస్రా పహాణీ రాసినప్పుడు ఎవరి కాస్తులో భూమి ఉందో ఇల్లిల్లూ తిరిగి రాశారు. ఇవాళ్టికీ కోర్టులో భూమి తగాదా వస్తే ఆ పహాణీనే తీస్తారు. ఇప్పుడు అట్లా ఎవరు దున్నుతున్నారో ఇల్లిల్లూ తిరిగి రాస్తున్నది ఎవరు? మాకు కనబడినంత వరకు ఈ పరిశోధక విద్యార్థులే. సర్కారు చెరిపేసిన కాలమ్ ఇవాళ థీసిస్‌ల అనుబంధాల్లోనే బతికి ఉంది. అందుకే ఆ కాగితాలు మాకు కావాలి.

పరిశోధన విలువ మాకు తెలియదా?

"రైతులకు పరిశోధన విలువ తెలియదు" అని ఒక పెద్దమనిషి మా మీటింగులోనే అన్నాడు. మాకు తెలుసు. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి మా మళ్లలో పండింది, మా కంచాల్లో ఉడికింది. మాకు దగ్గర్లోనే ఉన్న రాజేంద్రనగర్ నుంచి 2015లో తెలంగాణ సోనా వచ్చింది, ఆర్‌ఎన్‌ఆర్ 15048 అంటే ఇవాళ రైతుకు చెప్పాల్సిన పని లేదు. విత్తనం మీద పరిశోధన చేసినాయన విత్తనాన్ని బీరువాలో పెట్టి తాళం వేయలేదు. మా చేను దాకా తెచ్చాడు. చేన్లో పండితేనే అది పరిశోధన కింద లెక్క. మరి మనుషుల మీద చేసిన పరిశోధనకు ఆ నియమం ఎందుకు లేదు?

మనుషుల మీద చేసినవాళ్లలోనూ మంచి ఉదాహరణ ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తకు అప్పగించింది. ఆయన సర్కారు మనిషే, మన ఉద్యమకారుడు కాదు. అయినా మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. చూసింది చూసినట్టు రాశాడు. రాసి ఊరుకోలేదు. గిరిజనులకు పట్టాలు ఇవ్వాలని పట్టుబట్టాడు, గోండి భాషలో చదువు చెప్పే బడికి, పంతుళ్ల శిక్షణకు దారి వేశాడు. అందుకే ఇవాళ్టికీ మార్లవాయి ఆయనకూ ఆయన భార్యకూ ఏటా నివాళి అర్పిస్తుంది. ఎనభై ఏళ్ల కింద వచ్చిన పరదేశి పరిశోధకుణ్ణి ఒక ఊరు ఇంటి మనిషిలా తలుచుకుంటోంది. నిన్నగాక మొన్న వచ్చిపోయినవాళ్ల పేర్లు మా ఊరికి గుర్తు లేవు. తప్పు ఊరిదా?

శాఖలన్నీ కలిసి పనిచేయడం కూడా మన దగ్గర కొత్తేమీ కాదు. 1951-52లో ఉస్మానియా నుంచి ఎస్.సి. దూబే నాయకత్వంలో ఒక బృందం శామీర్‌పేటకు పోయింది. వ్యవసాయం, పశువైద్యం, వైద్యం, విద్య, సమాజశాస్త్రం, ఇట్లా వేర్వేరు విభాగాల వాళ్లు ఒకే ఊరికి కలిసి పోయారు. ఒక దిక్కు ఊరికి సేవ చేస్తూ ఇంకో దిక్కు అధ్యయనం చేశారు. దాని నుంచి 1955లో వచ్చిన 'ఇండియన్ విలేజ్' పుస్తకంతో శామీర్‌పేట దేశదేశాల విద్యార్థులకు పాఠమైంది. డెబ్బై ఏళ్ల కింద జీపులు కూడా సరిగా లేని రోజుల్లో అయిన పని, ఇవాళ ఇన్ని కంప్యూటర్లుండి ఎందుకు కాదు?

అవురుపల్లి అంకెలు

మా శ్రీశైలం రోడ్డు పట్టుకుని ఆమనగల్లు దాకా పోయి, లోపలికి తిరిగితే మాడ్గుల మండలంలో అవురుపల్లి ఉంది. ఒకప్పుడు పాలమూరు జిల్లా, ఇప్పుడు మన రంగారెడ్డి జిల్లానే. 1975లో ఇక్రిశాట్ వాళ్లు ఆ ఊరిని ఎంచుకున్నారు. దేవరకద్ర దిక్కు డోకూరునూ, మహారాష్ట్రలో మరో నాలుగు ఊళ్లనూ తీసుకున్నారు. ఊరికి నలభై ఇళ్లు, అందులో ముప్ఫై సేద్యం చేసేవి, పది భూమి లేని కూలీలవి. ఊళ్లోనే మనిషిని పెట్టి ఎంత విత్తారు, ఎంత పండింది, ఏం తిన్నారు, ఎంత అప్పు తెచ్చారు, ఎద్దు ఎప్పుడు అమ్ముకున్నారు అని పదేళ్లు వరుసగా రాశారు. తర్వాత 2001 నుంచి మళ్లీ రాశారు.

ఆ లెక్కల మీద ప్రపంచంలో ఎన్ని థీసిస్‌లు, ఎన్ని వ్యాసాలు వచ్చాయో చెప్పలేం. కరువొస్తే ఊరు ఒకరికొకరు ఎట్లా ఆసరా అవుతారు, వానలు లేని ఏడు రైతు ఎద్దుల్ని ఎందుకు అమ్ముకుంటాడు అనే ప్రశ్నల మీద అమెరికా అర్థశాస్త్రవేత్తలు రాసిన పేరున్న వ్యాసాలకు ఈ ఊళ్ల లెక్కలే ఆధారం. అక్కడి విద్యార్థులకు 'ఔరేపల్లె' అంటే తెలుసు. ఇక్రిశాట్ ఆ లెక్కల్ని దాచుకోలేదు, ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఆ మంచిని ఒప్పుకుంటాం. కాని ఇంటర్నెట్‌లో ఇంగ్లీషులో ఉండటం వేరు, అవురుపల్లి రచ్చబండ మీద తెలుగులో ఉండటం వేరు. ఎద్దును అమ్ముకున్న రైతు ఇంటికి ఆ ఎద్దు మీద వచ్చిన సిద్ధాంతం తిరిగి చేరాలి కదా.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఇట్లాంటి వ్యాసాల్లో చాలావరకు విదేశీ ప్రచురణ సంస్థల పత్రికల్లో వస్తాయి. వాటిని మన విశ్వవిద్యాలయాలు చదవాలంటే డబ్బు కట్టాలి. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను కొనడానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. విద్యార్థులు చదువుకుంటారు, మంచిదే. కాని చెప్పింది మేము, రాసుకున్నది మా పిల్లలు, జీతాలూ ఫెలోషిప్పులూ ఇచ్చింది మన పన్ను. అచ్చేసి అమ్మేది ఎవరో, మళ్లీ కొనేది మన సర్కారే. వడ్లు మనవే, దంచింది మనమే, బియ్యం మాత్రం కొనుక్కుని తినాలి. ఇంత ఖర్చు పెట్టినా ఆ పత్రికలు విద్యాసంస్థల గేటు దాటి ఊరి దాకా రావు.

తెలుగులో ఇమ్మని చట్టమే చెప్పింది

"థీసిస్‌ను తెలుగులో ఊరికి ఇవ్వడమేమిటి, అట్లాంటి పద్ధతి ఎక్కడుంది?" అని అడుగుతారు. చట్టంలోనే ఉంది. 2013 భూసేకరణ చట్టం చూడండి. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ మదింపు చేయాలని అందులో రాశారు. భూమి ఉన్నవాళ్లకే కాదు, దాని మీద బతికే కౌలుదార్లకు, కూలీలకు ఏమవుతుందో చూడాలన్నారు. ఆ నివేదికను స్థానిక భాషలో తయారుచేసి పంచాయతీకి గాని మున్సిపాలిటీకి గాని అందజేయాలని 6వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అంటే ఊరి గురించి రాసింది ఊరి భాషలో ఊరికి చేరాలనే న్యాయాన్ని పార్లమెంటే ఒప్పుకుంది.

మరి మన దగ్గర ఏమైంది? తెలంగాణ ప్రభుత్వం ఆ చట్టానికి సవరణ తెచ్చింది. 2017లో అది అమల్లోకి వచ్చింది. పారిశ్రామిక కారిడార్లు, మౌలిక వసతులు అని పేరు పెట్టి చాలా రకాల ప్రాజెక్టులకు ఆ మదింపు నుంచి మినహాయింపు ఇచ్చుకునే వీలు కల్పించారు. మన చుట్టూ వచ్చేవన్నీ ఆ రకాలే. చూడండి ఈ తమాషా. డిగ్రీ కోసం మా మీద ఎన్ని అధ్యయనాలైనా చేయవచ్చు, వాటితో ఏ ప్రాజెక్టూ ఒక్కరోజు ఆగదు. భూమి తీసుకోవడాన్ని ఆపగలిగే ఒకే ఒక్క అధ్యయనం మాత్రం అవసరం లేదన్నారు. పాలకులకు అధ్యయనమంటే భయం లేదు, ఊరి చేతిలో ఉన్న అధ్యయనమంటేనే భయం.

భాష సాకు చెప్పేవాళ్లకు ఉస్మానియా చరిత్రే జవాబు. 1918లో ఆ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు అన్ని శాస్త్రాలూ ఉర్దూలో చెప్పాలని, అంతకు ముందు ఏడే అనువాద శాఖను పెట్టి ఇంగ్లీషు పుస్తకాలన్నీ ఉర్దూలోకి దింపారు. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పారు. అది ఏలికల భాష, జనం భాష కాదు, ఆ సంగతి వేరు. కాని వందేళ్ల కింద పుస్తకాలకు పుస్తకాలు అనువదించిన గడ్డ మీద, ఇవాళ ఒక థీసిస్ సారాంశం పది పేజీలు తెలుగులో రాయడం కాదంటే ఎవరు నమ్ముతారు? వచ్చిన పిల్లలు మాతో తెలుగులోనే కదా మాట్లాడారు. మేము తెలుగులోనే కదా చెప్పాం. ఇంగ్లీషులోకి పోవడానికి దొరికిన దారి తిరిగి రావడానికి దొరకదా?

మా షరతులు

2017లో దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు ఒక పని చేశారు. వాళ్ల మీద ఏళ్ల తరబడి ప్రపంచమంతా పరిశోధనలు చేసింది. విసిగిపోయి, మా దగ్గరికి రావాలంటే ఇవీ నియమాలు అని వాళ్లే ఒక నియమావళి రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ ఉండాలన్నారు. అడవుల్లో, ఎడారుల్లో బతికిన జనం చేయగలిగినప్పుడు సంఘం కట్టుకున్న రైతులం మనం చేయలేమా?

అందుకే మేము ఈ షరతులు ముందుకు తెస్తున్నాం. చర్చించండి, మార్చండి, మీ ఊరికి తగ్గట్టు రాసుకోండి.

ఒకటి. ఊళ్లో అడుగుపెట్టగానే ఇల్లిల్లూ తిరగవద్దు. ముందు నలుగురూ కూర్చున్న చోట ఏం చదువుతున్నారు, ఎందుకు, ఎవరి డబ్బుతో, తర్వాత ఏమవుతుంది అని తెలుగులో చెప్పాలి. మా మామిడిపల్లి బడంగ్‌పేట మున్సిపాలిటీలో కలిసిపోయి మాకు గ్రామసభ కూడా లేకుండా పోయింది. గ్రామసభ లేకపోతే రచ్చబండ ఉంది, సంఘం ఉంది.

రెండు. ఇంటివాళ్లు చెప్పింది రాసుకున్న కాగితానికి ఒక నకలు ఆ ఇంటికే ఇవ్వాలి. పుస్తకంలో పేర్లు దాచండి, దాచాలి కూడా. మా అప్పులు, మా జబ్బులు లోకానికి తెలియనవసరం లేదు. కాని మా పేరు మా నుంచే దాస్తే ఎట్లా? 37 నంబరు ఎవరో ఆ 37 నంబరుకు తెలియాలి.

మూడు. ఎవరు దున్నుతున్నారు, ఎంతకాలంగా, ఏ మడి అనే వివరాలుంటే, ఆ కుటుంబం ఒప్పుకుంటే, తేదీ వేసి సంతకం చేసి ఇవ్వాలి. కౌలుదారుకు అది రేపటి సాక్ష్యం.

నాలుగు. పది పేజీల తెలుగు సారాంశం, అక్షరం రానివాళ్ల కోసం ఊళ్లో చదివి వినిపించడం. మేము తప్పు అంటే ఆ మాట కూడా థీసిస్‌లో రాయాలి.

అయిదు. మౌఖిక పరీక్షకు మమ్మల్ని పిలవాలి. యూజీసీ నియమాల్లోనే అది బహిరంగంగా జరగాలని, ఆసక్తి ఉన్న నిపుణులు రావచ్చని ఉంది. మా ఊరి మీద రాసిన థీసిస్‌కు మా కంటే నిపుణుడు ఎవరు?

ఇవి పరిశోధకుల మీద బరువు అంటారా? మూడేళ్ల నుంచి ఆరేళ్లు పట్టే పనిలో పది పేజీల తెలుగు, ఒక సాయంత్రం రచ్చబండ బరువు కాదు. ఖర్చు అంటారా? జిరాక్స్ ఖర్చు సంఘం పెట్టుకుంటుంది. ఊళ్లు షరతులు పెడితే పరిశోధన ఆగిపోతుంది, నిజం రాయనివ్వరు అంటారా? ఈ భయంలో కొంత న్యాయం ఉంది. ఊళ్లో దొరలు, దళారులు కూడా ఉంటారు. వాళ్లకు నచ్చనిది రాయవద్దని ఒత్తిడి చేయవచ్చు. అందుకే మేము రాసేదాన్ని ఆపే హక్కు అడగడం లేదు. రాసింది చూసే హక్కు, జవాబు చెప్పే హక్కు అడుగుతున్నాం.

చివరగా పరిశోధక బిడ్డలకు ఒక మాట. 2024 జనవరిలో కొత్త హైకోర్టు కోసమని రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమి వంద ఎకరాలు కేటాయిస్తూ జీవో ఇచ్చినప్పుడు మీరే రోడ్డు మీదికి వచ్చారు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగినప్పుడు మీరే అడ్డం నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పుడు మీకు తెలిసింది కదా, కాళ్ల కింది నేల పోతుంటే ఎట్లా ఉంటుందో. అప్పుడు మీ దగ్గరికి ఎవరైనా వచ్చి ఒకటి నుంచి ఐదు లోపల చెప్పమంటే ఏం చెప్పేవాళ్లు? మా నేల మీద మొదలైంది మీ నేల దాకా వచ్చింది. మీ దగ్గర లెక్కలున్నాయి, మా దగ్గర బతుకుంది. రెండూ ఒకచోట చేరితేనే ఎవరికైనా జవాబు చెప్పాల్సిన అవసరం పడుతుంది.

పోయిన నెల వచ్చిన ఆ పిల్లకు ఈ సంచిక ఒకటి పంపిస్తున్నాం. కోపంతో కాదు, పిలుపుగా పంపిస్తున్నాం. మళ్లీ రా బిడ్డా. వచ్చేటప్పుడు రాసింది తెలుగులో పట్టుకుని రా. అవ్వ అదే అరుగు మీద ఉంటుంది. ఆ పదకొండో పేజీలో ఒకటికి ముందు ఒక సున్న గడి గీసుకుని రా.